అమ్మ వాళ్ళింటి ల్యాండ్‌లైన్ మళ్ళీ కలిపించిన సంగతి

పోయిన నెలంతా నా ధ్యాస ఒక్కదాని మీదే. మల్కాజిగిరిలో మా అమ్మ వాళ్ళింటి ల్యాండ్‌లైన్ మళ్ళీ కలిపించాలి, అదీ కొత్త కనెక్షన్ డబ్బులు కట్టకుండా, పాత నంబర్ పోకుండా. మొన్న శుక్రవారంతో అయింది. ఇలాంటి పని పడ్డవాళ్ళు చాలామందే ఉంటారు, అమ్మానాన్నలు ఒకచోట పిల్లలు ఒకచోట ఉన్న ఇళ్ళల్లో మరీనూ, అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

ఆఫీసులో చెప్తే "ఈ రోజుల్లో ల్యాండ్‌లైన్ ఏంటండీ, అమ్మగారికి మంచి స్మార్ట్‌ఫోన్ కొనివ్వండి" అన్నారు. కొనిచ్చాం. తమ్ముడు ఒకటి, నేను ఒకటి. అమ్మకి డెబ్భై నాలుగేళ్ళు, వేళ్ళు వాతంతో వంకర తిరిగాయి, ఫోన్ మోగినప్పుడు ఆ పచ్చ గుండ్రాన్ని పైకి జరపాలంటే వేలు ఎక్కడెక్కడికో పోతుంది, ఒక్కోసారి అసలు ఎత్తడమే కుదరదు, ఒక్కోసారి ఎత్తీ ఎత్తగానే కట్ అవుతుంది, అవతల మేము ఏమైందోనని కంగారు పడతాం. ఛార్జింగ్ పెట్టడం మర్చిపోతుంది. అదే ల్యాండ్‌లైన్ అయితే హాల్లో గట్టిగా మోగితే వంటింట్లో ఉన్నా వినిపిస్తుంది, రిసీవర్ ఎత్తి చెవిన పెట్టుకుంటే చాలు. పైగా మాది పాత రాగి తీగ లైన్, ఇంట్లో కరెంటు పోయినా ఫోన్ పోదు, ఎందుకంటే దానికి కావలసిన 48 వోల్టుల కరెంటు ఎక్స్ఛేంజ్ నుంచే ఆ తీగలో వస్తుంది. ఒంటరిగా ఉన్న ముసలావిడకి రాత్రిపూట అది ఎంత ధైర్యమో ఆవిడ్ని అడిగితే తెలుస్తుంది.

ఇంకోటి ఆ నంబర్. 2001లో పెట్టించారు మా బాపు, అంటే నాన్న. అంతకు ముందు మాకు ఫోన్ లేదు, పక్కింటి వాళ్ళ నంబర్ రాసి పక్కన పి.పి. అని పెట్టుకునేవాళ్ళం, వాళ్ళు గోడ మీంచి పిలిస్తే పరిగెత్తి వెళ్ళేవాళ్ళం. మా సొంత ఫోన్ వచ్చిన రోజు బాపు ముప్పై పోస్టు కార్డులు కొనుక్కొచ్చి హనుమకొండలో మేనమామలకి, జనగామలో పెద్దమ్మ వాళ్ళకి, చుట్టాలందరికీ నంబర్ రాసి పంపించారు. ఇవాళ్టికీ ఊళ్ళో పెద్దవాళ్ళకి మా ఇంటి నంబర్ అంటే అదే, వాళ్ళకి నోటికి వచ్చు. బాపు పోయి ఏడాదిన్నర అయింది. ఆ నంబర్ ఇంకా ఆయన పేరు మీదే ఉంది.

సెల్ నంబర్ అయితే కంపెనీ నచ్చకపోతే పోర్ట్ పెట్టుకుని వేరేదానికి వెళ్ళిపోతాం, 2011 జనవరి 20 నుంచి దేశమంతా ఆ సౌకర్యం ఉంది. ల్యాండ్‌లైన్‌కి అది లేదు. ఆ కంపెనీతో ఉంటేనే ఆ నంబర్, వదిలేస్తే నంబర్ కూడా వాళ్ళకే. కొత్త కనెక్షన్ తీసుకోండి అని వాళ్ళు ఎంత తేలిగ్గా అన్నా నేను ఒప్పుకోకపోవడానికి సగం కారణం ఇదే.

లైన్ ఎలా కట్ అయిందంటే, బిల్లు ఎప్పుడూ బాపే వెళ్ళి కట్టేవారు. ఆయన పోయాక పక్కింటి అబ్బాయి కట్టి పెట్టేవాడు. తర్వాత అమ్మకి మోకాలి ఆపరేషన్ అయి బెంగళూరులో తమ్ముడి దగ్గర ఎనిమిది నెలలు ఉంది, ఆ గొడవలో ఫోన్ బిల్లు ఎవరికీ గుర్తు లేదు. తిరిగొచ్చి రిసీవర్ ఎత్తితే టోన్ లేదు. తప్పు మాదే, బిల్లు కట్టలేదు, లైన్ ఆపారు. అక్కడిదాకా నాకేం ఫిర్యాదు లేదు. కట్టాల్సింది కట్టి మళ్ళీ పెట్టించుకుందామనే అనుకున్నాం.

కంపెనీ పేరు రాయను. కాల్ సెంటర్‌కి చేస్తే రెండో రోజే బ్యాగ్ తగిలించుకుని ఒక అబ్బాయి వచ్చాడట. మర్యాదగానే మాట్లాడాడంట, మంచినీళ్ళు అడిగి తాగాడంట. గోడ మీద వైరు వైపు ఒకసారి చూసి "ఆంటీ, ఈ లైన్ ఎప్పుడో చచ్చిపోయింది, వైరు కూడా పాతదైపోయింది, కొత్త కనెక్షన్ తీసుకోవాల్సిందే" అని అక్కడే లెక్క వేసి ఇచ్చాడు. ఇన్‌స్టాలేషన్ 1,000, యాక్టివేషన్ 500, వైరింగ్ 600, కొత్త ఫోన్ సెట్టు 600, మొత్తం 2,700. దాని మీద జీఎస్టీ 18 శాతం, 486. ఆపైన డిపాజిట్ 500. అన్నీ కలిపి 3,686 రూపాయలు. అమ్మ బీరువా తాళం తీయబోయి ఎందుకో ఆగి నాకు ఫోన్ చేసింది. "బిడ్డా, ఈ పిలగాడు సంతకం పెట్టుమంటుండు, నంబర్ గూడ కొత్తది వస్తదంటుండు, పెట్టాల్నా?" వద్దమ్మా, ఏ కాయితం మీదా పెట్టకు, శనివారం నేనొస్తా అన్నాను. ఆ ఒక్క ఫోన్ ఆమె చేయకపోయి ఉంటే బాపు నంబర్ ఆ రోజే పోయేది.

ఎందుకంటే అది కొత్త కనెక్షన్ ఫారం. దాని మీద సంతకం పెడితే పాత అకౌంట్ పాతగానే ఉండిపోతుంది, అందులో బాకీ అలాగే ఉంటుంది, దాని మీద మనం ఎప్పుడో కట్టిన డిపాజిట్ అందులోనే ఉండిపోతుంది, మళ్ళీ ఇంకో డిపాజిట్ కడతాం, నంబర్ మారిపోతుంది. మనం అడిగింది రీకనెక్షన్, వాళ్ళు రాసింది న్యూ కనెక్షన్. కౌంటర్ దగ్గర రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడతారు గానీ బిల్లులో రెండూ వేరు వేరు.

శనివారం మియాపూర్ నుంచి మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి మెట్టుగూడలో దిగి ఆటోలో వెళ్ళేసరికి పదిన్నర. ముందు బాపు ఫైలు తీశాను. ఆయన కాయితాలు పారేసే మనిషి కాదు. కనెక్షన్‌కి డబ్బు కట్టమని 2001లో ఇచ్చిన డిమాండ్ నోటు, డిపాజిట్ వెయ్యి రూపాయలు కట్టిన రసీదు, ఏడాదికో కట్టగా బిల్లులు, అన్నీ ట్వైన్ దారంతో కట్టి ఉన్నాయి. ఒక కాయితం మీద ఆయన చేతిరాత, 2013లో ఒకసారి వానలకి లైన్ తొమ్మిది రోజులు పోతే పదిహేను రోజుల అద్దె తగ్గించమని రాసిన లెటర్ కాపీ. 2009లో ట్రాయ్, అంటే టెలికం నియంత్రణ సంస్థ, పెట్టిన నిబంధనల్లో అప్పట్లో అది ఉండేది, రిపేరు ఏడు రోజులు దాటి పదిహేను రోజుల్లోపు చేస్తే పదిహేను రోజుల అద్దె వెనక్కివ్వాలని. ఆ తర్వాతి బిల్లు కూడా పక్కనే పెట్టారు, తగ్గించిన మొత్తం కింద ఎర్ర ఇంకుతో గీత గీసి. యాభై రూపాయల పైచిలుకు. ఆ యాభై రూపాయల కోసం రెండుసార్లు సైకిల్ మీద వెళ్ళొచ్చారని అమ్మ చెప్పింది. నాకు అక్కడే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆయన డైరీలోనే లైన్‌మన్ అన్న నంబర్ దొరికింది, మా వీధికి ఎప్పట్నుంచో ఆయనే వచ్చేవాడు, ఇప్పుడు వేరే ఏరియాలో చేస్తున్నాడు. విషయం చెప్తే ఒకటే అడిగాడు, "అక్కా, రిసీవర్ ఎత్తితే పూర్తిగ సైలెంటా, లేకపోతే ఏమన్న మాట వస్తుందా?" అప్పటిదాకా మేమెవ్వరం అంతసేపు వినలేదు, టోన్ లేకపోతే పెట్టేశాం అంతే. ఎత్తి పట్టుకున్నా. కొన్ని సెకన్లు ఏమీ లేదు, తర్వాత సన్నగా ఒకావిడ గొంతు, ఈ టెలిఫోన్ సేవలు తాత్కాలికంగా నిలిపివేయబడ్డాయి అని. అమ్మకి వినిపించా. అమ్మ "తాత్కాలికంగ అంటుంది గద బిడ్డా" అంది.

అన్నకి చెప్తే నవ్వాడు. "మాట వస్తుందంటే వైరు మంచిగున్నట్టే అక్కా. ఎక్స్ఛేంజ్ నుంచి మీ వీధి డీపీ బాక్సుకు, ఆడ్నుంచి మీ ఇంట్లకు, తీగల జత ఏడ తెగినా ఆ మాట రాదు. కంప్యూటర్‌ల ఆపిండ్రు, కంప్యూటర్‌లనే ఇస్తరు. గుంజే వైరు ఏం లేదు." ఇంకోటి కూడా చెప్పాడు, సెల్ నుంచి ఆ నంబర్‌కి చేసి చూడమని. చేస్తే అక్కడ కూడా తాత్కాలికం అనే వచ్చింది. ఈ నంబర్ ఉపయోగంలో లేదు అని వస్తే మాత్రం లైన్ పూర్తిగా మూసేసినట్టు, అప్పుడు నంబర్ ఇంకొకరికి ఇవ్వకముందే పరిగెత్తాలి అన్నాడు.

ల్యాండ్‌లైన్ ఆగిన ఎవరైనా చేయాల్సిన మొదటి పని ఇదే అని నాకనిపిస్తుంది. రిసీవర్ ఎత్తి అరనిమిషం వినండి, తర్వాత బయటి నుంచి చేసి ఏం చెప్తుందో వినండి. పూర్తి సైలెంట్ అయితే వేరే సెట్టు పెట్టి చూడండి, గోడ దగ్గర ఫోన్ తీగ వచ్చి కలిసే చిన్న పెట్టె ఉంటుంది, రోజెట్ అంటారు, అందులో తీగ ఊడిందేమో చూడండి. ఇవేవీ చూడకుండా గోడ వైపు చూసి వైరింగ్ ఆరువందలు అని ఎవరైనా అంటే నమ్మకండి.

సోమవారం సెలవు పెట్టి వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాను. కౌంటర్లో మేడమ్ నంబర్ కొట్టి చూసింది. స్క్రీన్ మీద టీడీ అని ఉందండీ అంది, అంటే టెంపరరీ డిస్‌కనెక్షన్. పీడీ అని ఉంటే పర్మనెంట్. టీడీ కాబట్టి బాకీ కట్టి రీకనెక్షన్ ఛార్జీ 100, జీఎస్టీతో 118 కడితే లైన్ వస్తుంది, నంబర్ అదే, ప్లాన్ అదే. మరి ఆ అబ్బాయి 3,686 అన్నాడే అంటే ఆవిడ నా మొహం చూడకుండా "వాళ్ళు ఏజెన్సీ వాళ్ళు మేడమ్, కొత్త కనెక్షన్‌కి వాళ్ళకి కమీషన్ ఉంటుంది" అంది. నాకు కోపం కంటే బాధ ఎక్కువైంది. మా అమ్మ లాంటి వాళ్ళు ఆ వీధుల్లో ఎంతమంది సంతకం పెట్టి ఉంటారు.

తర్వాత బాకీ దగ్గర పేచీ వచ్చింది. నెల బిల్లు 200, జీఎస్టీతో 236. ఏడు నెలలకి 1,652 కట్టమంది. లైన్ ఆపింది రెండో బిల్లు కట్టనప్పుడే, ఆ తేదీ వాళ్ళ స్క్రీన్ మీదే ఉంది. ఆపిన తర్వాత ఐదు నెలలు మాకు ఫోన్ రాలేదు, పోలేదు, మరి ఆ ఐదు నెలల అద్దె 1,180 దేనికి అని అడిగా. సిస్టమ్ అలాగే చూపిస్తుంది అంది. సిస్టమ్ ఎవరు రాస్తే అలా చూపిస్తుందో వాళ్ళనే అడుగుతానని చెప్పి అక్కడే కూర్చుని తెల్ల కాయితం మీద తెలుగులో రాశాను, ఈ నంబర్ తాత్కాలికంగా ఆపారు, దీన్ని రీకనెక్ట్ చేయమని కోరుతున్నాం, కొత్త కనెక్షన్ అడగడం లేదు, ఆపిన తేదీ తర్వాతి అద్దె తీసేయండి, పాత డిపాజిట్ రసీదు జత చేస్తున్నా, అంతే, నాలుగు వాక్యాలు. రెండు కాపీలు. ఒకదాని మీద స్టాంప్ వేయించుకున్నా, ఫిర్యాదుకి ఇచ్చే డాకెట్ నంబర్ అడిగి కాయితం మీదే రాయించుకున్నా. స్టాంప్ వేయడానికి కొంచెం సణిగారు, నేను కదల్లేదు.

వారం దాకా ఏమీ లేదు. ఎనిమిదో రోజు మెసేజ్ వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది అని. ఏం పరిష్కరించారని ఫోన్ చేస్తే "కస్టమర్ నాట్ ఇంట్రెస్టెడ్ అని క్లోజ్ అయింది" అన్నారు. నాకు ఇంట్రెస్ట్ లేదని ఎవరు చెప్పారు? ఎవరికీ తెలియదు. ఆ ఒక్క మాట నన్ను ఎంత కుదిపిందో చెప్పలేను, సెలవు పెట్టుకుని వెళ్ళి మూడు గంటలు కూర్చున్న మనిషిని ఇంట్రెస్ట్ లేదని రాసేశారు.

ఇక్కడ చాలామంది విసిగిపోయి వదిలేస్తారు, లేదా సరే ఆ మూడువేలు పారేద్దాం అనుకుంటారు. నేనూ ఆ రాత్రి అలాగే అనుకున్నా. కానీ ట్రాయ్ 2012లో తెచ్చిన ఫిర్యాదుల నిబంధనలు ఉన్నాయి, అవి మనకి తెలిసి ఉండాలి. ప్రతి ఫిర్యాదుకీ డాకెట్ నంబర్ ఇవ్వాలి. జవాబు మనకి సరిపోకపోతే ఆ కంపెనీలోనే అప్పీలు అధికారి ఉంటారు, ముప్పై రోజుల్లో అప్పీలు పెట్టుకోవచ్చు, ఫీజు ఏమీ లేదు, 39 రోజుల్లో తేల్చాలి. అప్పీలు దాటితే టెలికం శాఖ గ్రీవెన్స్ పోర్టల్ ఉంది, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. టెలిఫోన్ గొడవలకి వినియోగదారుల ఫోరం పనికిరాదని 2009 నాటి ఒక తీర్పు వల్ల చాలా ఏళ్ళు అనుకునేవాళ్ళు, 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టే వెళ్ళొచ్చని తేల్చింది. నాకు అంత దూరం వెళ్ళే పని పడలేదు. రెండు డాకెట్ నంబర్లు, స్టాంప్ ఉన్న కాపీ ఫోటో, టీడీ తేదీ, బాపు డిపాజిట్ రసీదు, అన్నీ కలిపి అప్పీలు అధికారికి మెయిల్ పెట్టాను. నాలుగో రోజు పొద్దున్నే ఆఫీసు నుంచి ఒక సారు ఫోన్ చేశారు, మెత్తగా, "మేడమ్ ముందే నాతో మాట్లాడాల్సింది" అన్నారు. మొదటి రోజు ఆ సారు సీట్లో లేరని చెప్పే నన్ను పంపించారు, కానీ ఆ మాట ఎత్తలేదు, పని కావాలి.

ఐదు నెలల అద్దె తీసేశారు. రెండు నెలల బాకీ 472, రీకనెక్షన్ 118, మొత్తం 590 రూపాయలు. కొత్త డిపాజిట్ లేదు, పాతదే కొనసాగుతుంది. ఆన్‌లైన్లో కట్టి రసీదు ప్రింటు తీశా, బాపు ఫైల్లో పెట్టడానికి.

పేరు మార్పు సంగతి కూడా చెప్పాలి. ఏజెన్సీ అబ్బాయి, ఓనర్ చనిపోయారు కాబట్టి పాత లైన్ రాదు, అమ్మ పేరు మీద కొత్తది తీసుకోవాల్సిందే అని కూడా అన్నాడంట. అది నిజం కాదు. చట్టప్రకారం వారసుల పేరు మీదికి అదే నంబర్ మార్చుకోవచ్చు. డెత్ సర్టిఫికెట్, అమ్మ ఆధార్, మా ఇద్దరి నుంచి అభ్యంతరం లేదని సంతకాలు. నేను బాపు పోయిన విషయం దాచలేదు, మొదటి రోజే చెప్పి ఆ అప్లికేషన్ వేరే కాయితం మీద ఇచ్చాను. రెండూ ఒకే కాయితం మీద రాస్తే ఒకటి తేలేదాకా రెండోది ఆగిపోతుంది. అది ఇంకా నడుస్తోంది.

ఫైబర్ గురించి అడుగుతారేమో. కౌంటర్లో అదీ చెప్పారు, రాగి ఎందుకు, ఫైబర్‌కి మారండి అని. ఫైబర్ మంచిదే, ఇంటర్నెట్ కావాలంటే అదే తీసుకోవాలి, ల్యాండ్‌లైన్ నంబర్ కూడా దాని మీదికి మార్చుకునే వీలుంటుంది, మారే ముందు నంబర్ అదే ఉంటుందా అని రాతలో అడగండి. కానీ ఫైబర్ పెట్టెకి ఇంట్లో కరెంటు కావాలి, కరెంటు పోతే ఫోనూ పోతుంది, బ్యాటరీ బ్యాకప్ మనమే పెట్టుకోవాలి. అమ్మకి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఆమెకి రాత్రి కరెంటు పోయినప్పుడు పనిచేసే ఫోన్ కావాలి. మా వీధిలో రాగి ఉన్నంత కాలం రాగే.

శుక్రవారం మధ్యాహ్నం డబ్బు కట్టిన గంటన్నరకి అమ్మ సెల్ నుంచి మిస్డ్ కాల్. నేను నేరుగా ల్యాండ్‌లైన్‌కే చేశా. రెండు రింగులకి ఎత్తింది. "టోన్ వచ్చింది బిడ్డా, మంచిగ వినొస్తుంది" అంది. ఎవ్వరూ రాలేదు, ఒక్క గజం వైరు లాగలేదు. కొంచెం గరగర ఉందంటే మర్నాడు లైన్‌మన్ అన్న డ్యూటీ కాకపోయినా వచ్చి తుప్పు పట్టిన రోజెట్ మార్చి వెళ్ళాడు, డబ్బులిస్తే తీసుకోలేదు, అమ్మ సర్వపిండి చేసి పెట్టింది.

ఆ రోజు నేనూ అక్కడే ఉన్నా. అన్న వెళ్ళాక అమ్మ తమ్ముడికి చేద్దామని బాపు డైరీ తీసింది. వేళ్ళకి నొప్పి కదా, నేను నొక్కాను, నాకు కంఠతా వచ్చిన నంబరే కాబట్టి డైరీ చూడలేదు. కలవలేదు. అమ్మ డైరీ నా వైపు తిప్పింది. ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కి చేయాలంటే ముందు సున్నా కొట్టాలని 2021 జనవరి 15 నుంచి రూల్ వచ్చింది, ఆ రోజు కనుమ, అందరం ఇంట్లోనే ఉన్నాం. బాపు ఆ రోజంతా వసారాలో కూర్చుని డైరీలో ఉన్న ప్రతి సెల్ నంబర్ ముందూ ఎర్ర ఇంకుతో సున్నా పెట్టుకుంటూ వచ్చారు, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, తమ్ముడిది, నాది, అల్లుడిది, కిరాణా కొట్టుది, పాలబ్బాయిది.

సున్నా కొట్టి మళ్ళీ చేశాను. తమ్ముడు ఎత్తి నంబర్ చూసుకుని కాసేపు ఏం మాట్లాడలేదు. వాడి ఫోన్లో ఆ నంబర్ ఇంకా బాపు అనే ఉంది.